అడవి తిరిగొచ్చే దారి
(జనగామ జిల్లా బచ్చన్నపేటలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)

బచ్చన్నపేటలో అడవి గురించి ఉపన్యాసమేమిటని సభలో కొందరికైనా అనిపించి ఉంటుంది. ఇవి రాతినేలలు, చెలక భూములు. చెరువు నిండితే పండుగ, నిండకపోతే బోరు మీద బోరు. పాకాల, ఏటూరునాగారం అడవులకూ ఈ ఊరికీ నడుమ ఓరుగల్లు నగరం ఉంది. అయినా సంబంధం లేకపోలేదు. జనగామ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి వరంగల్ దాటి, ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం అభయారణ్యాన్ని చీల్చుకుంటూ గోదావరి దాకా వెళ్తుంది. ఈ ప్రాంతపు చెరువులకు నీళ్లు తెచ్చే దేవాదుల ఎత్తిపోతల పథకం మోటార్లు ఆ అడవి పక్కనే, గంగారం దగ్గర, గోదావరి నీటిని తోడుతాయి. అక్కడ నదిలో పారే నీటిలో పెద్ద వాటా ప్రాణహిత, ఇంద్రావతులు గడ్చిరోలి, బస్తర్ అడవుల మీదుగా మోసుకొచ్చింది. ఈ మధ్య మన అడవుల్లో అడుగుజాడలు కనిపిస్తున్న పెద్దపులులు వస్తున్నదీ ఆ దిక్కు నుంచే. అంటే బచ్చన్నపేట చెరువులోకి నీళ్లు వచ్చే దిక్కూ, తాడ్వాయి అడవిలోకి పులి వచ్చే దిక్కూ ఒక్కటే. కాబట్టి ఈ అడవి సంగతి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల వారికే వదిలేయదగ్గది కాదు.

ఒక వింతతో మొదలుపెడతాను. తెలంగాణలో చట్టప్రకారం జాతీయ ఉద్యానాలు మూడున్నాయి: కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాదులోనో దాని పొలిమేరల్లోనో ఉన్నాయి. మూడింటినీ కలిపినా సుమారు 20 చదరపు కిలోమీటర్లు. పొద్దున్నే నడక కోసం వచ్చేవారి సంఖ్యే అక్కడి జింకల సంఖ్య కంటే ఎక్కువ. మరోవైపు 806 చదరపు కిలోమీటర్ల ఏటూరునాగారం, 860 చదరపు కిలోమీటర్ల పాకాల ఇప్పటికీ అభయారణ్యాలుగానే ఉన్నాయి. ఈ రెండింటినీ జాతీయ ఉద్యానం చేసి, జనాన్ని బయటికి పంపి, చుట్టూ కంచె వేస్తే అడవి బాగుపడుతుందనే ఆలోచన చదువుకున్నవారిలో బలంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ రెంటికీ పెట్టిన తేడా చిన్నదేమీ కాదు. అభయారణ్యంలో కలెక్టరు విచారణ జరిపి కొన్ని హక్కులను కొనసాగనివ్వవచ్చు, మేతను నియంత్రిస్తూ అనుమతించవచ్చు. జాతీయ ఉద్యానంలో హక్కులన్నీ ముగిసిపోవాలి, పశువు అడుగు పెట్టకూడదు. నేను చెప్పదలచింది దీనికి వేరు. ఈ అడవి ఎన్నడూ మనిషి సోకని అడవి కాదు. ఇది చరిత్రలో పలుమార్లు వెనక్కి తగ్గింది, పలుమార్లు తిరిగొచ్చింది. తిరిగొచ్చినప్పుడల్లా విత్తనం మిగిలిన గుట్టల నుంచి, నీళ్లు నిలిచిన చెరువుల వెంట, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు నడిచి వచ్చింది. కనుక కాపాడవలసింది హద్దు లోపలి విస్తీర్ణం ఒక్కటే కాదు, ముక్కలను కలిపే నేలను కూడా. హోదా పెంచినంత మాత్రాన ఆ నేల దక్కదు.

రుజువులను రాళ్ల నుంచే వెతకాలి. జనగామ, వరంగల్ నేలల అడుగున ఉన్నది నల్లరాయి, తెల్లరాయి అని మనం పిలుచుకునే గ్రానైటు జాతి. నర్సంపేట దాటి తూర్పుకు పోతే అది మారిపోతుంది. అక్కడి పాత పొరల రాళ్లకు పందొమ్మిదో శతాబ్దంలో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ పాకాల పేరే పెట్టాడు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఆ శాస్త్రం చదివేవారు మన చెరువు పేరుతోనే ఆ రాళ్లను గుర్తిస్తారు. ఇంకా ముందుకెళ్తే గోదావరి లోయలోని ఇసుకరాయి, దాని పొరల్లో భూపాలపల్లి బొగ్గు. గ్రానైటు నేలల మీద వ్యవసాయం పరుచుకుంది. పాకాల గుట్టల మీద, ఇసుకరాయి మెట్టల మీద మట్టి పలచన కాబట్టి అడవి నిలిచింది. అలాగని అక్కడ మనుషులు లేరనుకోవద్దు. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టల మీద మధ్యశిలాయుగం నుంచి వేసుకుంటూ వచ్చిన బొమ్మలున్నాయి. వాటిలో దున్న ఉంది, జింకజాతి ఉంది, పులి, చిరుత ఉన్నాయి. తాడ్వాయి మండలం దామెరవాయి దగ్గర పెద్దపెద్ద బండలను నిలబెట్టి, పైన మరో బండ కప్పి కట్టిన బృహచ్ఛిలాయుగపు సమాధులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఇవాళ చుట్టూ టేకు, నల్లమద్ది. సమాధులు కట్టినవారు అక్కడే ఎక్కడో బతికి ఉంటారు, కట్టెలు కొట్టి ఉంటారు, పశువులు కాసి ఉంటారు. అంత బరువైన బండలను లాగి నిలబెట్టడానికి జనం గుమిగూడాలి, గుమిగూడినవారికి తిండి ఉండాలి. మూడువేల ఏళ్ల నాటి ఆ జనసందడి ఆగాకే ఇప్పుడు మనం చూస్తున్న చెట్లు దాన్ని కప్పాయి.

కాకతీయుల కాలానికి వస్తే రుజువు మరింత గట్టిది. గణపతిదేవుడి ఏలుబడిలో, పదమూడో శతాబ్దం తొలినాళ్లలో, రెండు మెట్టల నడుమ కట్ట పోసి పాకాల చెరువును నిలిపారు. నిండినప్పుడు దాని నీరు సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడి కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన రామప్ప గుడి అదే. గుడి పక్కనే చెరువు ఉంది. లక్నవరం, ఘనపురం చెరువులూ ఆ వరుసలోవే. ఇంత పెద్ద చెరువును అడవికి నీళ్లు పెట్టడానికి ఎవరూ కట్టరు. కట్ట కింద వేల ఎకరాల తరి ఉండాలి, దాన్ని దున్నే ఊళ్లుండాలి, పండించినదాంట్లో భాగం తీసుకునే దేవాలయమూ ప్రభువూ ఉండాలి. శాసనాలను లెక్కగట్టి చదివిన సింథియా టాల్బాట్ వంటి చరిత్రకారులు చూపినది కూడా ఇదే: కాకతీయుల కాలం తెలంగాణ మెట్టల్లోకి వ్యవసాయం తోసుకుపోయిన కాలం. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఈ తూర్పు అంచు పట్టు సడలింది. కట్టలు తెగాయి, కాలువలు పూడాయి, ఊళ్లు పలచబడ్డాయి. కట్ట ఎగువన, చెరువుకు నీరిచ్చే గుట్టల మీద మిగిలిన చెట్ల విత్తనం కట్ట దిగువకు దిగింది. ఎగువ అడవి పాతది కావచ్చు. దిగువ అడవిలో చాలాభాగం మాత్రం చెరువు కంటే చిన్నది. చెట్ల నడుమ శిథిలమైన గుళ్లు బయటపడుతున్నాయంటే ఒకప్పుడు అక్కడ ఊరి వీధి ఉండేదని అర్థం. అంకోర్ చెరువుల చుట్టూ, మధ్య అమెరికాలో మాయా నగరాల మీద పెరిగిన అడవుల కథ కూడా ఇలాంటిదే. అక్కడి యాత్రికులు కూడా వాటిని ఆదిమారణ్యాలనే చాలాకాలం అనుకున్నారు.

చెరువు రాజ్యానికీ అడవికీ అంచు ఎక్కడుండేదో శాసనాలు చెప్పవు. జనం నోట నిలిచిన కథ చెబుతుంది. కరువులో కప్పం కట్టలేకపోయిన కోయదొరల మీదికి కాకతీయ సేన రావడం, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పోరులో నేలకొరగడం, సంపెంగ వాగు జంపన్న వాగు కావడం, సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకపోవడం, అక్కడ కుంకుమ భరిణె దొరకడం మీ అందరికీ తెలిసిన కథే. దీన్ని చరిత్ర పుస్తకంలా చదివి తేదీలు తేల్చాలనే పట్టుదల నాకు లేదు. కానీ కథ దేని చుట్టూ తిరుగుతున్నదో గమనించాలి. వాన లేదు, పంట లేదు, అయినా కప్పం కట్టాలి. చెరువు కట్టిన రాజ్యం, చెరువు లేని అడవి మీద మోపిన లెక్క అది. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క, సారలమ్మల జాతరకు మేడారానికి కోటిమంది వస్తున్నారంటే, ఆ అంచు జ్ఞాపకం ఇంకా చెరిగిపోలేదన్నమాట. గద్దెల మీదికి తెచ్చేది విగ్రహాన్ని కాదు, కంకవనాన్ని, అంటే వెదురును, దాంతో కుంకుమ భరిణెను. వెదురు, గుట్ట, వాగు లేకుండా ఆ జాతర జరగదు. అభయారణ్యం నడిమధ్య ఉన్న ఆ గద్దెలను అడవి మీద పడ్డ ఆక్రమణగా చూసేవారున్నారు. చెత్త విషయంలో, తాత్కాలిక గుడారాలకు చదును చేసే నేల విషయంలో వారి కోపం న్యాయమైనదే. కానీ ఈ అడవికి ఇంతమంది మొక్కుకునేవాళ్లు ఉండటం కంటే పెద్ద కాపలా ఏముంటుందో వారు చెప్పాలి. దాన్ని మనం ఇంతవరకు కాపలాగా వాడుకోలేదన్నది వేరే సంగతి.

అడవి తిరిగొచ్చిన తర్వాతి కథ తుపాకులది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దంపతులు నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటశిబిరం వేశారు. చంపిన పులితో వారు తీయించుకున్న ఫొటో రాజా దీన్‌దయాళ్ తీసింది. నెక్కొండ ఇవాళ కాజీపేట, విజయవాడ రైలుమార్గంలో ఒక మామూలు స్టేషను. అక్కడ పులి ఉండేదంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఫొటో అబద్ధం చెప్పదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకు పేరుపడ్డాడు. హైదరాబాదు రాజ్యంలో కర్నల్ నైటింగేల్ అనే తెల్లదొర ఒక్కడే 300కు పైగా పులులను చంపాడు. ఆ లెక్క విని పులులు పోయింది దొరల వేటవల్లనే అనడం మనకు హాయిగా ఉంటుంది. అది సగం మాటే. అదే కాలంలో బెజవాడ రైలుకు స్లీపర్లు, ఇల్లెందు గనులకు దూలాలు ఈ అడవులే ఇచ్చాయి. నిజాం ప్రభుత్వం పాత చెరువులకు మరమ్మతు చేయించింది, తరి మళ్లీ పెరిగింది. స్వాతంత్ర్యం తర్వాత కోస్తా నుంచి వచ్చిన రైతులు చెరువుల కింద స్థిరపడ్డారు. మంగపేట మండలం కమలాపురంలో కలప గుజ్జు ఫ్యాక్టరీ నడిచింది, 2014లో ఆగిపోయింది. భూపాలపల్లిలో బొగ్గు గనులు, చెల్పూరులో కరెంటు కేంద్రం వచ్చాయి. 1952, 53ల్లో హైదరాబాదు ప్రభుత్వం పాకాలను, ఏటూరునాగారాన్ని అభయారణ్యాలుగా ప్రకటించింది. అంటే దేశంలో వన్యప్రాణి చట్టం రావడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, ప్రాజెక్ట్ టైగర్‌కు ఇంకో ఏడాది ముందు. అంత ముందుచూపు ఉండి కూడా పులి నిలవలేదు. ఎందుకంటే అప్పుడు గీసింది రెండు వేర్వేరు గీతలు. ఆ రెండు గీతల మధ్య నేల మీద, చుట్టూ ఉన్న నేల మీద ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు.

అయినా మిగిలింది తక్కువేం కాదు. దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత, దుమ్ములగొండి, రేచుకుక్క ఉన్నాయి. పాకాల నీళ్లలో మొసళ్లున్నాయి. తాడ్వాయి వైపు అడవిదున్న ఉంది. పాండవుల గుట్ట మీద గీసిన దున్నకు వారసులు అక్కడికి కొద్ది దూరంలో ఇంకా మేస్తున్నాయంటే అది ఏ ఉద్యానం చేసిన ఘనతా కాదు. పలచని మట్టి, మిగిలిన గుట్టలు, నీళ్లున్న వాగులు చేసిన పని. ఇక 2020 వర్షాకాలం నుంచి పెద్దపులి అడుగుజాడలు మళ్లీ మొదలయ్యాయి. గోదావరి అవతలి నుంచి వచ్చి, భూపాలపల్లి, ములుగు అడవుల గుండా, మహబూబాబాద్ జిల్లాలోని గంగారం, కొత్తగూడ మండలాల మీదుగా దక్షిణానికి దిగి, మళ్లీ వెనక్కి పోవడం అప్పటి నుంచి దాదాపు ఏటా వార్తల్లో వస్తున్నది. వచ్చిన పులి నిలవడం లేదు. 2021లో తాడ్వాయి అడవిలో ఒకటి ఉచ్చుకు బలైంది. కానీ పులి వచ్చిందన్న వార్తలో అసలు విశేషం పులి కాదు, దారి. వందల కిలోమీటర్లు నడిచిన జంతువుకు రాత్రిళ్లు దాటడానికి చీకటి, పగలు దాక్కోవడానికి పొద, తాగడానికి నీరు, తినడానికి ఒక దుప్పి ఇంకా దొరుకుతున్నాయని అది మనకు చెప్పిపోయింది. ఏ సర్వే కంటే నమ్మదగిన సాక్ష్యం అది. ఆ దారి అంతా అభయారణ్యాల గీతల లోపల లేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మనుషులను ఖాళీ చేయించిన చోట్ల పులులు పెరిగిన మాట నిజం కాదా అంటారు. నిజమే, కొన్ని చోట్ల పెరిగాయి. కానీ మన రాష్ట్రంలోనే ఉన్న అనుభవాన్ని వదిలి మధ్యప్రదేశ్ ఉదాహరణలు తెచ్చుకోవడం ఎందుకు? కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. దాని నడిమి ప్రాంతం నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను తరలించారు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి వచ్చిన పులులు మాత్రం ఆ నడిమి ప్రాంతంలో స్థిరపడలేదు. దాని బయట, ఊళ్లూ పత్తిచేలూ ఉన్న కాగజ్‌నగర్ డివిజన్‌లో ఆగి, పిల్లలు పెట్టాయి. కారణం సులువే: దారి ఆ వైపు ఉంది, వాగులు, వెదురుపొదలు ఆ వైపు ఉన్నాయి. నడిమి ప్రాంతానికి చేరే నడవ నడుమ రోడ్లు, కాలువలు, బొగ్గు గనులు అడ్డం పడ్డాయి. మరోవైపు అమ్రాబాద్‌లో చెంచుల పెంటలు (గూడేలు) ఉండగానే పులులు నిలిచాయి. అలాగని మనిషి ఉండటం వల్లనే పులి బతికిందని నేను అనను, అంత దూరం పోతే అది కూడా మరో మూఢనమ్మకమే. మనిషి ఉండటమా లేకపోవడమా అన్నది ఒక్కటే లెక్క కాదని ఈ రెండూ చూపుతున్నాయి, అంతే. 2025లో కవ్వాల్‌ను తాడోబాతో కలిపే నేలను కుమ్రం భీం కన్సర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్లు మండిపడ్డాయి. రెండు నెలలు తిరగకముందే ఉత్తర్వును పక్కన పెట్టాల్సి వచ్చింది. ఉత్తర్వులోని ఉద్దేశం సరైనదే. అడగవలసినవారిని ముందు అడగకపోవడంతో అది కాగితం మీదే ఆగింది.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. అది పోడు గురించి. మీరు చరిత్ర చెప్పి జనాన్ని వెనకేసుకొస్తున్నారు, కళ్లముందు అడవి కొట్టేస్తుంటే ఏమంటారు అని అడుగుతారు. దీనికి తప్పించుకునే జవాబు చెప్పను. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న నేలకే హక్కు ఇచ్చింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 4 లక్షల ఎకరాల పోడు భూములకు పట్టాలు పంచింది. ఆ తేదీకి తర్వాత కొట్టిన నేల కూడా ఈ జిల్లాల్లో ఉంది. కొంత స్థానికులు కొట్టారు, కొంత ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాతి హింసకు తాళలేక పారిపోయి వచ్చిన గుత్తికోయలు కొట్టారు. చట్టం దృష్టిలో వారికి ఇక్కడ హక్కు లేదు. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో వారి గుడిసెలను అటవీశాఖ కూల్చడం, వ్యవహారం హైకోర్టుకు వెళ్లడం చూశాం. గుడిసె కూల్చితే నరికిన చెట్టు తిరిగిరాదు. కూల్చిన గుడిసె మరో వాగు పక్కన, మరింత లోపల లేస్తుంది. నా వాదన ప్రకారం ప్రశ్న ఇలా ఉండాలి: ఏ పోడు దారి మీద పడింది, ఏ పోడు పక్కన పడింది? ఒకే విస్తీర్ణమున్న రెండు పోళ్లు అడవికి ఒకే నష్టం చేయవు. రెండు గుట్టల నడుమ ఇరుకు సందులో, వాగు ఒడ్డున కొట్టిన పదెకరాలు దారిని తెంపుతాయి. ఊరికి ఆనుకుని అడవి అంచున ఉన్న వందెకరాలు అంత చేయకపోవచ్చు. మొదటి రకం దగ్గర ప్రభుత్వం మొండిగా ఉండాలి, బదులు భూమి, ఇల్లు, రేషన్ కార్డు ఇచ్చి మరీ ఆ సందును ఖాళీగా ఉంచాలి. రెండో రకం దగ్గర బేరానికి రావాలి. ఇవాళ జరుగుతున్నది దీనికి తలకిందులు. అంచున, రోడ్డుకు దగ్గరగా ఉన్న పేదవాడి చెలక అధికారికి సులువుగా కనిపిస్తుంది కాబట్టి అక్కడే ట్రెంచి తవ్వుతారు.

పోడు మీద చూపే ఉక్రోషంలో పదోవంతు రోడ్ల మీద, తీగల మీద చూపరు. జాతీయ రహదారి వెడల్పు పెరిగినకొద్దీ రాత్రి దానిని దాటే దుప్పికి ప్రాణగండం పెరుగుతుంది. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక ఛత్తీస్‌గఢ్ లారీలు ఈ దారినే పట్టాయి. కింద నుంచి జంతువులు పోయేలా వంతెనలు కట్టడం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల మధ్య పెంచ్ దగ్గర చేసి చూపించారు, అది కొత్త విద్యేం కాదు. పస్రా, తాడ్వాయిల మధ్య అలాంటివి అడగడానికి ఎవరికీ పోడు రైతుతో తగాదా అక్కరలేదు. అట్లాగే అడవిపందుల కోసం చేల చుట్టూ వేసే కరెంటు తీగలు. పందికి పెట్టిన తీగ చిరుతను, పులిని, ఒక్కోసారి పక్క చేను రైతునే చంపుతుంది. పంట నష్టానికి పరిహారం సకాలంలో చేతికొచ్చే చోట తీగ వేయాలన్న ఆశ తగ్గుతుంది. ఈ రెండు పనులకూ కొత్త హోదా, కొత్త బోర్డు, కొత్త కంచె ఏదీ అవసరం లేదు.

మూడో అభ్యంతరం నా వాదన మూలాన్నే తాకుతుంది. కాకతీయుల తర్వాత అడవి తిరిగొచ్చిందంటే దానికి శతాబ్దాలు పట్టింది, పైగా అప్పుడు జనాభా కుంగింది. ఇప్పుడు జనం పెరుగుతున్నారు, బొగ్గు కావాలి, రోడ్డు కావాలి, అడవి మళ్లీ దానంతటదే వస్తుందనుకోవడం పగటికల కాదా? జనాభా సంగతి ఒప్పుకుంటాను. అప్పటిలా ఊళ్లు ఖాళీ కావు, కావాలని ఎవరూ కోరుకోకూడదు. అందువల్లనే మనకు ఖాళీ ఊళ్లు కాదు, దారులు కావాలంటున్నాను. ఖాళీ చేయగలిగేది పది ఊళ్లయితే కాపాడగలిగే సందులు వంద ఉంటాయి. ఇక కాలం సంగతికి మనముందే ఒక పరీక్ష జరుగుతున్నది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో కొద్దిసేపట్లో వీచిన సుడిగాలికి వందల ఎకరాల్లో వేలకొద్దీ చెట్లు కూకటివేళ్లతో ఒరిగిపోయాయి. పెద్దపెద్ద మద్దులు సైతం వేరుతో సహా లేచాయి. ఇసుకరాయి మీద మట్టి పలచన కాబట్టి వేరు లోతుకు పోదు, అడ్డంగా పరుచుకుంటుంది. అదే సమయంలో కురిసిన భారీ వానకు ఆకేరు, మున్నేరు పొంగాయి. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నెల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. పాకాల దగ్గర మొదలయ్యే మున్నేరు ఖమ్మం వీధుల్లోకి వచ్చింది. పాకాల గుట్టలకు ఇటు పడ్డ చినుకు మున్నేరు పట్టుకుని కృష్ణకు పోతుంది, అటు పడ్డది రామప్ప, లక్నవరం వాగుల గుండా గోదావరికి పోతుంది. రెండు మహానదుల నీటికి నెత్తి మీద ఉన్న అడవి ఇది. నేల మీద ఆకుచెత్త, మోడులు, వేళ్లు లేకపోతే నీళ్లు వాగులోకి ఎంత తొందరగా దిగుతాయో రైలు పట్టాల దగ్గర చూశాం. ఆ వానకు ఏ అడవీ ఆనకట్ట వేయలేదు, అంత పెద్ద వాన అది. కానీ తర్వాత వచ్చే మామూలు వానలకు వేయగలదు.

సుడిగాలికి పడిన ఆ నేలను ఏం చేయాలన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక దారి, పడ్డ దుంగలన్నీ ఎత్తి అమ్మి, నేల దున్ని, వరుసల్లో మొక్కలు నాటి, ప్లాంటేషన్ అని బోర్డు పెట్టడం. చూపించడానికి అది బాగుంటుంది, లెక్కలకు అనుకూలం. రెండోది, దారికి అడ్డం పడ్డవి తీసి మిగతాది అలాగే వదలడం. టేకు, నల్లమద్ది, తునికి లాంటివి మోడు నుంచి మళ్లీ చిగుళ్లు వేయగలవు. వేరు పూర్తిగా తెగనివి, సగం ఒరిగినవి చిగురిస్తాయి. వేరుతో సహా లేచినవాటి గుంతల్లో నీరు నిలుస్తుంది, పక్క గుట్టల విత్తనం గాలికి, ఎలుగుబంటి కడుపులో, పక్షి ముక్కున వస్తుంది. పడ్డ మాను కింద ముందు గడ్డి, పొదలు లేస్తాయి, వాటికోసం దుప్పి, మనుబోతు వస్తాయి. పాకాల కట్ట కింద ఏడు శతాబ్దాల క్రితం జరిగినదాని మొదటి అంకాన్ని ఇక్కడ మన జీవితకాలంలోనే చూడవచ్చు. నా పక్షం రెండోదే. కొంత వెదురు, ఇప్ప చల్లడం తప్పు కాదు. మేత పశువులను కొన్నేళ్లు ఆ నేలకు దూరంగా ఉంచడానికి చుట్టుపక్కల కోయ గ్రామసభల మాట కావాలి. అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరును కాపాడుకునే హక్కును ఆ సభలకే ఇచ్చింది. ఊరి పశువు ఏ వాగు వైపు పోతుందో, ఎవరి కట్టెలమోపు ఏ గుట్ట నుంచి దిగుతుందో రేంజి కార్యాలయం కంటే ఆ సభకే బాగా తెలుసు. ఇంకో పని కూడా ఉంది. ఆ నేలలో కొన్ని చోట్ల రాళ్లు పాతి గుర్తులు పెట్టి, ఏ జాతి మొలక ఎన్ని, ఏ జంతువు జాడ ఎప్పుడు అని ఏటా లెక్క రాసుకోవాలి. కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలు ములుగు రోడ్డుకు దూరమేమీ కావు. ఆ లెక్కను ఫైలులో ఉంచకుండా, మేడారం జాతరకు ఎన్ని బస్సులు, ఎన్ని గుడారాలు, ఎన్ని కోట్లు అని ప్రకటించేటప్పుడు, పక్క అడవిలో ఎన్ని మొలకలు నిలిచాయో కూడా రెండేళ్లకోసారి అదే జనం ముందు చెప్పాలి.